వేపపూతకు తెల్ల ముక్కలు చాల్లేదు

ఆదివారం. పది దాటితే బయట అడుగు పెట్టలేని ఎండలు అప్పుడే మొదలయ్యాయి. పరదాలు దించేసి, హాల్లో చాప పరిచి, లెగో డబ్బా మొత్తం బోర్లించాం. నెత్తిన బుడిపెలుండి, ఒకదాని మీద ఒకటి నొక్కి పేర్చే ప్లాస్టిక్ ఇటుకలవి. వచ్చే వారమే ఉగాది. ఈసారి దేవుని కడప గుడి కట్టాలని చిన్నోడి పట్టు.

మా ఇంట్లో ఇది అలవాటే. సంక్రాంతికి గొబ్బెమ్మలు కడతాడు, దసరా బొమ్మల కొలువులో ఒక మెట్టు వాడిదే. లెగో కంపెనీ చేసే పండగ సెట్లు కూడా ఉన్నాయి. క్రిస్మస్‌కు రోజుకో కిటికీ తెరిచే క్యాలెండర్ 1998 నుంచి వస్తోంది, మంచు కప్పిన ఊరి సెట్లు 2009లో మొదలయ్యాయి. డెన్మార్క్‌లో పుట్టిన బొమ్మలు కాబట్టి అక్కడి చలికాలం వాటిలో చక్కగా కనిపిస్తుంది. మన పండగ మనం కట్టుకోవాలి. నాకు అదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే చూసి పేర్చడానికి పుస్తకం ఉండదు, గుడినే చూడాలి. నిన్న సాయంత్రం దర్శనమయ్యాక వాడు గోపురం ముందు తలెత్తి నిలబడి, ఎంత పిలిచినా కదల్లేదు.

ఆ చూపు ఇవాళ పనికొచ్చింది. వరుసకో బుడిపె చొప్పున లోపలికి జరిపితే గోపురం గుట్టలాగా పొట్టిగా వచ్చింది. విప్పేసి, రెండు వరుసలకొకసారి జరిపాడు. నిలువు కుదిరింది. అంతస్తుల మధ్య పలుచటి ముక్క ఒకటి కాస్త ముందుకు పెడితే చూరు కూడా వచ్చింది.

గుడి ముందు జనం కావాలన్నాను. కడప ఉగాది అంటే నాకు పచ్చడి కన్నా ముందు ఆ క్యూ గుర్తొస్తుంది. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపిల్ల, వేంకటేశ్వరస్వామి తమ అల్లుడు అనే నమ్మకంతో ముస్లింలు ఆ రోజు స్వామి దర్శనానికి వస్తారు. లెగో మనిషి బొమ్మకు నెత్తిన ఒక బుడిపె ఉంటుంది. దాని మీద గుండ్రటి చిన్న తెల్ల ముక్క నొక్కితే అచ్చం టోపీ! బుర్ఖాలకు నల్లటి ఏటవాలు ముక్కలు సరిపోయాయి. పిల్లవాడు ఒక్కొక్కరినీ వరసలో నిలబెడుతుంటే నాకు చాలా సంతోషమనిపించింది.

టోపీలకే తెల్లవి అయిపోయాయి. మరి వేపపూతకు? కిటికీ పక్క డబ్బాలో పాత తెల్ల ముక్కలు కొన్ని దొరికాయి, ఏళ్ల తరబడి ఎండ తగిలి పసుపు తిరిగినవి. ఈ ఇటుకలు చేసే ఏబీఎస్ ప్లాస్టిక్ గుణమే అంత. వాడు వద్దన్నాడు. అత్తమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, “వేపపూత మల్లెపూవు మాదిరి తెల్లగా ఉంటుందా నాయనా? ఇదే దాని రంగు” అంది. పెరటి చెట్టు కింద రాలిన పూత తెచ్చి పక్కన పెట్టి చూస్తే నిజమే, కొంచెం కూడా తేడా లేదు.

పచ్చడికి ఆరు రుచులకు ఆరు ఇటుకలు. రంగులన్నీ అత్తమ్మే చెప్పింది, బెల్లానికి మాత్రం అవ్వామనవళ్లకు చాలాసేపు వాదన జరిగింది. ఎనిమిది బుడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు ఉన్నా వాటిని 91,51,03,765 రకాలుగా అమర్చవచ్చని గణితం వాళ్లు లెక్క తేల్చారని నేను చెప్పాను.

“పచ్చడి మటుకు? ఏ ఇంటి రుచి ఆ ఇంటిదే కదమ్మా” అంది అత్తమ్మ.

సాయంత్రానికి గోపురం మీద కలశాలు తప్ప అన్నీ అయ్యాయి. వాడి ఆలోచన అప్పుడే ఒంటిమిట్ట రాముడి గుడికి పోయింది. ఉగాది దాటిన పదిహేను రోజులకు పౌర్ణమి, అక్కడ సీతారాముల కల్యాణం రాత్రిపూట వెన్నెల్లో జరుగుతుంది. దానికి అడుగున పరిచే నల్లటి పలక, చందమామకు మళ్లీ తెల్లవి కావాలట. టోపీలు మాత్రం తీయనంటున్నాడు.