రథంలో గద, నోట ఐదూళ్ల మాట

కార్తీకమాసం వస్తే, సాయంత్రం దీపాలు పెట్టాక భారతంలో ఉద్యోగపర్వం, కృష్ణుడి రాయబారం ఉన్న పర్వం, చదువుకోవడం మా నాయనమ్మ పెట్టిన అలవాటు. ఈ నెలలోనే ఎందుకని చిన్నప్పుడు అడిగితే, "స్వామి రాయబారానికి బయల్దేరింది ఈ నెల్లోనేరా" అనేది. పెద్దయ్యాక మూలం చూస్తే అలాగే ఉంది. కౌముద మాసం, అంటే మన కార్తీకం. రేవతీ నక్షత్రం. శరత్తు అయిపోయి చలి మొదలయ్యే రోజులు.

ఆ రోజు పొద్దున్నే కృష్ణుడు స్నానం, జపం ముగించి, సూర్యుడికీ అగ్నికీ మొక్కి సాత్యకితో ఒక మాట అంటాడు. "శంఖం, చక్రం, గద రథంలో పెట్టించు. దుర్యోధనుడు దుష్టుడు, పక్కన కర్ణుడూ శకునీ ఉన్నారు. మనకెంత బలమున్నా శత్రువును చులకనగా చూడకూడదు." వెళ్తున్నది సంధి మాట్లాడటానికి! నేనెప్పుడు చదివినా ఈ చోట పుస్తకం మూసి కాసేపు కూర్చుంటాను. శాంతి కోరి వెళ్ళేవాడు గద పట్టుకెళ్లాడు. పట్టుకెళ్లాడే గానీ, సభలో ముందు మాట్లాడింది మంచి మాటే.

తర్వాత కురుక్షేత్రంలో అదే నోటితో అర్జునుడికి చెప్పిన శ్లోకం ఇది:

దండో దమయతామస్మి నీతిరస్మి జిగీషతామ్ |
మౌనం చైవాస్మి గుహ్యానాం జ్ఞానం జ్ఞానవతామహమ్ || (గీత 10-38)

"అదుపు చేసేవారిలో దండాన్ని నేను. గెలుపు కోరేవారిలో నీతిని నేను. రహస్యాలలో మౌనాన్ని, జ్ఞానులలో జ్ఞానాన్ని నేను." మొదటి పాదంలో దండం, ఆ వెంటనే నీతి. రెంటినీ స్వామి తన విభూతులుగానే చెప్పుకున్నాడు. నీతి లేని దండం పశుబలం. దండం లేని నీతిని దుర్యోధనుడి లాంటివాడు వినడు. ఈ శ్లోకానికి వ్యాఖ్యానం ఎక్కడో వెతకక్కర్లేదు, రాయబారం మొత్తం దానికి వ్యాఖ్యానమే.

పాండవుల వెనక ఏడు అక్షౌహిణులు, కౌరవుల వెనక పదకొండు. అంత సైన్యం ఉండి కూడా ధర్మరాజు చివరికి దిగి వచ్చింది ఐదూళ్లకు. అవిస్థలం, వృకస్థలం, మాకంది, వారణావతం, ఐదోది మీకు తోచింది ఏదైనా ఇవ్వండి అన్నాడు. ఆ నాలుగో పేరు దగ్గర నాకు గుండె పట్టేస్తుంది. వారణావతం అంటే లక్క ఇల్లు కట్టిన ఊరు. తల్లితో సహా తమను కాల్చేయాలని చూసిన చోటు. ఆ ఊరు పేరు నోటితో పలికి, అదిచ్చినా చాలు, పగ మర్చిపోతాం అనడానికి ఎంత మనసు ఉండాలి!

సభలో కృష్ణుడు భయం ఒక్కటే పెట్టలేదు. సగం రాజ్యం ఇస్తే మహాసంపద నీదవుతుంది అని దుర్యోధనుడికి చెప్పాడు. పాండవులే నిన్ను యువరాజును చేస్తారు, నీ తండ్రిని మహారాజుగా నిలబెడతారు అన్నాడు. ధృతరాష్ట్రుడితోనైతే, పాండవులు నీకు కాపలా ఉంటే దేవతలతో కలిసి ఇంద్రుడు వచ్చినా నిన్ను గెలవలేడు అన్నాడు. చూడండి, భయపెట్టేదీ ఆ గాండీవమే, కాపాడతానంటున్నదీ ఆ గాండీవమే. అది ఎటు తిరగాలో నీ నిర్ణయం అని ఎదుటివాడికే వదిలేశాడు.

ఇవ్వజూపడం అటువైపు కూడా జరిగింది. కృష్ణుడు వస్తున్నాడని తెలిసి ధృతరాష్ట్రుడు పదహారు బంగారు రథాలు, ఏనుగులు, ఇంకా ఏవేవో కానుకలు ఇస్తానన్నాడు. దారిపొడవునా దుర్యోధనుడు రత్నాలు పొదిగిన విడిదులు కట్టించాడు. కృష్ణుడు వాటివైపు చూడను కూడా లేదు. విదురుడైతే అన్నగారి మొహం మీదే అన్నాడు: "వాళ్ళు అడిగేది ఐదే ఐదు ఊళ్ళు. అవి ఇవ్వవు గానీ, డబ్బుతో కృష్ణుణ్ణి కొనాలని చూస్తున్నావు." దానానికీ లంచానికీ తేడా నాకు తెలిసింది ఆ మాటతోనే. అసలు తగాదా దేనిమీదో అది ఇవ్వాలి. అది దాచిపెట్టుకుని ఎన్ని ఇచ్చినా దానం అనిపించుకోదు.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్నకీ, వరసకు పెదనాన్న అయ్యే ఆయనకీ పొలం గట్టు మీద పద్నాలుగేళ్ళు కోర్టు నడిచింది. చివరికి డిక్రీ మాకే వచ్చింది. పోలీసుల్ని పెట్టుకుని సర్వే రాళ్లు పాతించుకోవచ్చు. నాయనమ్మ ఒప్పుకోలేదు. "ఆ కాయితం జేబులోనే ఉంచు, బయటికి తీయమాక. వాళ్ళ మెట్టకి మన బోరు నీళ్ళు ఇస్తామని చెప్పు. ముందు అది చెప్పు" అంది. కార్తీక పౌర్ణమి మర్నాడు నాన్నతో నేనూ వెళ్ళాను. పల్చటి తెల్ల చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఆ కాయితం కనపడుతూనే ఉంది. పెదనాన్న చూపు మాటిమాటికీ దాని మీదకే పోతోంది. నాన్న మాత్రం నీళ్ళ గురించే మాట్లాడాడు. ఏ రోజు మోటారు ఎవరిది, పైపు ఎటునుంచి వేయాలి, కరెంటు బిల్లు ఎలా. పెద్దమ్మ మజ్జిగ తెచ్చి పెట్టింది. నాన్న తాగాడు. ఆ ఇంట్లో అన్నేళ్ళలో మేం ముట్టిన మొదటి గ్లాసు అది. నాలుగో రోజు పొద్దున పెదనాన్న తనే గడ్డపలుగు భుజాన వేసుకుని వచ్చి గట్టు జరిపాడు.

మన తెలుగు నేల మీద దశాబ్దాలు సాగిన మావోయిస్టు పోరు కూడా ఈ పర్వం చదువుతుంటే గుర్తొస్తుంది. ఒకపక్క 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ పోలీసు దళం. మరోపక్క లొంగిపోయినవారికి పునరావాసం. నడుమ 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు, అవి నిలబడకపోవడం. ఇందులో ఒక పద్ధతి నన్ను ఆలోచింపజేసింది. ఒక మనిషి తల మీద ప్రకటించిన రివార్డు సొమ్మును, లొంగిపోతే ఆ మనిషికే చెక్కుగా ఇస్తారు. పట్టిచ్చినవాడికి పోవాల్సిన డబ్బు, తిరిగొచ్చినవాడు ఇల్లు కట్టుకోవడానికి పనికొస్తుంది. ఇందులో దండం, దానం ఒకే చోట ఉన్నాయి. కాకపోతే విదురుడి మాట ఇక్కడా వర్తిస్తుంది. అడవిలో పోడు భూమికి పట్టా, ఊరికి బడి, జ్వరమొస్తే మందు ఇవ్వకుండా చెక్కు ఒక్కటే ఇస్తే, అవి ధృతరాష్ట్రుడి పదహారు రథాలే అవుతాయి. అటు పోయిన బిడ్డకూ ఇటు పోయిన పోలీసుకూ ఏడ్చింది తల్లులేగదా.

రాయబారం ఫలించలేదు. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడు దుర్యోధనుడు. తిరిగి వెళ్ళి కృష్ణుడు ధర్మరాజుతో వరసగా చెప్పాడు: ముందు సామం చేశాను, వినకపోతే భేదం చేశాను, మళ్ళీ మంచి మాటతోనే దానం చెప్పాను, రాజ్యమంతా నీదే, ఐదూళ్లు వదులు చాలు అన్నాను. ఇక మిగిలింది నాలుగోది, దండం. ఫలించదని ఆయనకు ముందే తెలియదా? విదురుడు అదే అడిగాడు. ధర్మకార్యానికి శక్తికొద్దీ ప్రయత్నించి సాధించలేకపోయినా ఆ పుణ్యం దక్కుతుంది అన్నాడు స్వామి. తప్పుదారిలో పోతున్న మిత్రుణ్ణి జుట్టు పట్టుకునైనా వెనక్కి లాగాలి అన్నాడు. జుట్టు పట్టుకుని ద్రౌపదిని ఈడ్చిన ఊళ్ళో కూర్చుని ఆ మాట అన్నాడు.

ఈసారి చదువుతుంటే ఇంకొకటి కంటపడింది. హస్తినకు వెళ్తూ ముందు రోజు సాయంత్రం కృష్ణుడు ఆగింది వృకస్థలంలో. అడగబోయే ఐదూళ్లలో అదీ ఒకటి. ఎండ ఎర్రబడుతోంది. రథం దిగాడు. గుర్రాలను విప్పించాడు. గద రథంలోనే ఉంది. కాళ్ళు చేతులు కడుక్కుని సంధ్యకు కూర్చున్నాడు.