లాగ్ ఒప్పుకుంది, స్కోపు ఒప్పుకోలేదు

మంగళవారం

ఈ రోజంతా 3.2 మైక్రోసెకండ్ల వెంట పడి తిరిగాను. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో మూడు ముక్కలకు కాస్త ఎక్కువ. పని మానుకుని వెతకాల్సినంత తేడాయా అని ఎవరైనా అడగవచ్చు. మాకు మాత్రం అవును.

ఒకే రకం కొలత పెట్టెలు రెండు ఉన్నాయి. ఒక పెద్ద యంత్రానికి రెండు చివర్లా ఉండి కంపనాలను నమోదు చేస్తాయి. ఆ రెండు నమోదులనూ పక్కపక్కన పెట్టి చూడాలంటే వాటి గడియారాలు ఒక్క మైక్రోసెకండు లోపల కలవాలి. నెట్‌వర్క్ మీద గడియారాలను కలిపే మామూలు పద్ధతి ఎన్‌టీపీతో అయ్యే పని కాదు కనుక, ఇంకా నిక్కచ్చిగా కలిపే పీటీపీ, అంటే ఐఈఈఈ 1588 ప్రమాణం, వాడుతున్నాం. ఒక పెట్టె మాస్టరు, రెండోది దాన్ని అనుసరిస్తుంది. నేరుగా కేబులుతో కలిపినప్పుడు ఏ పేచీ లేదు. మధ్యలోకి నెట్‌వర్క్ స్విచ్చి వచ్చాకే తంటా.

మొదటి తంటా పొద్దున్నే తీరింది. నాలుగైదు నిమిషాలు బాగా నడిచి, మాస్టరు తన సమయం చెప్పే సింక్ సందేశాలు రావడం ఆగిపోయేది. ఇది పాత రోగమే. స్విచ్చిలో ఐజీఎంపీ స్నూపింగ్, అంటే గుంపు సందేశాలను ఆ గుంపు సభ్యులకే పంపే ఏర్పాటు, పనిచేస్తోంది, కానీ సభ్యులెవరని మళ్లీ మళ్లీ అడిగే క్వెరియర్ నెట్‌వర్క్‌లో ఎక్కడా లేదు. గడువు తీరగానే పీటీపీ గుంపు చిరునామా 224.0.1.129కు వెళ్లే మల్టీకాస్ట్ ప్యాకెట్లను స్విచ్చి ఆపేస్తోంది. క్వెరియర్ పెట్టాం, దారి తెరుచుకుంది.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. అనుసరించే పెట్టె తన సర్దుబాట్లు రాసుకునే లాగ్ చూస్తే అంతా సవ్యంగా ఉంది. ఆఫ్‌సెట్, అంటే మాస్టరు గడియారంతో తేడా, సున్నాకు అటూ ఇటూ ఒకటి రెండు వందల నానోసెకండ్లకు మించి కదలడం లేదు. అయితే రెండు పెట్టెలకూ సెకనుకొక పల్సు ఇచ్చే పిన్ను ఉంది. ఆ రెండింటినీ పల్సులను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపుకు తగిలిస్తే, అనుసరించే పెట్టె పల్సు మాస్టరు కంటే 3.2 మైక్రోసెకండ్లు ముందుగా లేస్తోంది. ఊగడం లేదు, జారడం లేదు, ప్రతి సెకనూ అంతే తేడా.

"లాగ్‌లో సున్నా వస్తోంది కదండీ, స్కోపు తీగల్లో ఏమైనా లోపం ఉందేమో" అంది మా బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి. మంచి అనుమానమే. కానీ మీటరు తీగకు పట్టేది దాదాపు 5 నానోసెకండ్లు. తీగ వల్లే ఇంత తేడా రావాలంటే ఒకటి రెండోదానికంటే 640 మీటర్లు పొడవుండాలి. మా బల్ల మీద ఉన్నవి రెండూ మూరెడేసి తీగలు.

ఆమెకు కాగితం మీద నాలుగు సమయాలు గీసి చూపించాను. మాస్టరు సింక్ పంపినది టీ1, అది ఇక్కడికి చేరినది టీ2, దారి జాప్యం కొలవడానికి మనం డిలే రిక్వెస్ట్ పంపినది టీ3, అది మాస్టరుకు అందినది టీ4. వెళ్లడానికి ఎంత పట్టిందో రావడానికీ అంతే పట్టిందని అనుకుంటేనే ఈ నాలుగింటి నుంచి ఆఫ్‌సెట్ తేలుతుంది. దారి ఒక వైపు పొడవై ఇంకో వైపు పొట్టిదైతే ఆ తేడాలో సగం తప్పుగా గడియారంలోకి వస్తుంది. ఆ తప్పుతోనే సర్దుకున్న గడియారం, అదే లెక్కతో తనను తాను కొలుచుకుని సున్నా అని రాసుకుంటుంది. లాగ్ తన కేసులో తానే సాక్షి. అందుకే బయటి నుంచి ఇంకొక సాక్షి లేకుండా పీటీపీ పని పూర్తయిందని నేను ఎప్పుడూ చెప్పను.

సరే, దారి ఎక్కడ వంకరగా ఉంది? స్విచ్చి పోర్టుల పట్టిక తెరిస్తే కనబడింది. మాస్టరు వైపు సెకనుకు 1000 మెగాబిట్లు, అనుసరించే పెట్టె ఉన్న ఇటు వైపు 100. స్విచ్చి ప్యాకెట్టు మొత్తం అందాకే ముందుకు పంపుతుంది. టైమ్‌స్టాంప్, అంటే సమయం ముద్ర, పడేది మాత్రం ఫ్రేము (తీగ మీద వెళ్లే ప్యాకెట్టు) మొదట్లో. యూడీపీ అనే రవాణా పద్ధతి మీద సింక్ ఫ్రేము 90 బైట్లు. మాస్టరు నుంచి వచ్చేటప్పుడు స్విచ్చి దాన్ని అందుకోవడానికి పట్టేది 0.72 మైక్రోసెకండ్లు. ఇటు నుంచి వెళ్లే డిలే రిక్వెస్టూ అంతే పొడవు, కానీ 100 మెగాబిట్ల మీద 7.2 పడుతుంది. తేడా 6.48, అందులో సగం 3.24. కాగితం మీది అంకె స్కోపు మీది అంకెతో కలిసినప్పుడు ఆ అమ్మాయి ముఖం చూడాలి. నా ముఖమూ అలాగే ఉండి ఉంటుంది.

ఇక 100 ఎందుకైంది? కేబులు. గిగాబిట్‌కు, అంటే 1000కు, నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు చాలు. ఒక జత తెగితే చాలా చిప్పులు మారు మాట్లాడకుండా కింది వేగానికి దిగిపోతాయి. తమాషా ఏమిటంటే, నేరుగా కలిపి పరీక్షించినప్పుడు వాడినదీ ఈ కేబులే. అప్పుడు రెండు చివర్లా 100 కాబట్టి రెండు వైపులా ఒకటే వేగం, తప్పు కనబడే అవకాశమే లేదు. నేరుగా కలిపితే బాగుంది, స్విచ్చితో పాడైంది, కాబట్టి దోషి స్విచ్చే అనే వాదన ఎంత నమ్మకంగా వినిపిస్తుందో! కేబులు మార్చగానే పల్సులు 200 నానోసెకండ్ల లోపలికి వచ్చాయి. లాగ్‌లోని పాత్ డిలే (దారిలో పట్టే సగటు సమయం) కూడా అదే 3.2 మైక్రోసెకండ్లు తగ్గింది. అంటే ఆధారం లాగ్‌లోనూ ఉంది, ఆఫ్‌సెట్ పక్క గడిలో.

మధ్యాహ్నం స్విచ్చి మీద భారం వేసి చూశాం. ఇటు పోర్టుకే వేరే ట్రాఫిక్ పంపగానే ఆఫ్‌సెట్ గంతులు వేసింది. ముందు ఒక్క 1500 బైట్ల ప్యాకెట్టు నిలబడ్డా గిగాబిట్ మీద 12 మైక్రోసెకండ్ల నిరీక్షణ. పీటీపీకి పై ప్రాధాన్యం ఇచ్చి చూశాం. వరుస తగ్గింది కానీ, అప్పటికే తీగ ఎక్కిన ఫ్రేమును ప్రాధాన్యం ఆపలేదు. మామూలు స్విచ్చితో ఇంతకుమించి కుదరదని నా అభిప్రాయం. ఒక మైక్రోసెకండు మాట ఇచ్చినవారు స్విచ్చి దగ్గర పొదుపు చేయకూడదు.

ట్రాన్స్‌పరెంట్ క్లాక్ ఉన్న స్విచ్చి అయితే ప్రతి ప్యాకెట్టు తనలో ఎంతసేపు ఉందో కొలిచి, సందేశంలో దిద్దుబాటు కోసం ఉండే కరెక్షన్ ఫీల్డులో కలుపుతుంది. వరుసలో పట్టిన సమయమే కాదు, పొద్దుటి 100, 1000 తేడా కూడా అందులోనే సర్దుకుపోయేది. అలాంటిది మా దగ్గరే మరో బృందం అల్మరాలో ఉందట, రేపు ఇస్తామన్నారు. మన పెట్టెలు ఎండ్ టు ఎండ్ పద్ధతిలో, అంటే ఈ చివరి నుంచి ఆ చివరికి జాప్యం కొలిచేలా, ఉన్నాయి. స్విచ్చి పీర్ టు పీర్‌లో, అంటే పక్కపక్క పరికరాల మధ్యే కొలిచేలా, ఉంటే డిలే సందేశాలకు జవాబే రాదు. తగిలించే ముందు ఆ సెట్టింగు చూడమని అమ్మాయికి చెప్పాను. పోర్టుల వేగాలు తానే ముందుగా చూస్తానంది.