మా ఆవిడ అడిగిన ప్రశ్న

మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథికి క్యాన్సరొచ్చి ఆపరేషన్ చేశారు. తొమ్మిదో రోజు మూత్రం గొట్టం తీసేశారు. హమ్మయ్య అనుకుని మంచం దిగానో లేదో, లుంగీ తడిసిపోయింది. నర్సమ్మ "మామూలేనండీ" అంటూ డైపర్ చేతిలో పెట్టింది. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ని, దానికి ముందేదో వెనకేదో తెలియక బాత్‌రూమ్‌లో తిప్పి తిప్పి చూసుకున్నాను.

ప్రోస్టేట్‌లో తేడా ఉంటే పెరిగే పీఎస్ఏ రక్తపరీక్షలో 9 దాటింది, బయాప్సీలో క్యాన్సర్ తీవ్రత చెప్పే గ్లీసన్ స్కోరు 7. క్యాన్సర్ ప్రోస్టేట్ దాటి బయటికి పోలేదని గ్రంథి మొత్తం తీసేశారు. అప్పటిదాకా నా టెన్షనంతా ప్రాణం గురించే.

పడుకుంటే కారేది కాదు. లేచినా, తుమ్మినా, మనవణ్ని ఎత్తుకున్నా కారేది. మూత్రాన్ని ఆపే ఏర్పాటు రెండు చోట్ల ఉంటుందట. పైది గ్రంథితో పాటే దెబ్బతింది, ఇక కింది కండరమే దిక్కు. దానికి కీగెల్ వ్యాయామం. "నలుగురిలో గ్యాస్ రాకుండా బిగబడతారే, అలా" అంది ఫిజియోథెరపీ అమ్మాయి. నేను పొట్టా, తొడలూ, పళ్లూ కూడా బిగించేవాణ్ని. ఊపిరి ఆపకూడదని, లేచే ముందే బిగించాలని నెమ్మదిగా పట్టుబడింది. తెలివిగా నీళ్లు తగ్గించాను కూడా. మూత్రం చిక్కబడి, మంట పుట్టి, ఇంకా తొందరపెట్టింది. మానాల్సింది నీళ్లు కాదు, సాయంత్రం కాఫీ. రోజుకు నాలుగు ప్యాడ్లు ఐదో నెలకి ఒకటయ్యాయి. ఎనిమిదో నెలలో ఏ ప్యాడూ లేకుండా తెల్లపంచెతో పెళ్లికి వెళ్లి, తలుపు పక్క కుర్చీలోనే కూర్చున్నాను.

రెండో సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు. డాక్టరూ ఎత్తలేదు. అరవై రెండేళ్లవాడికి ఇంకేం కావాలనుకున్నారేమో. మూడో నెల చెకప్‌లో మా ఆవిడే అంది: "ఆయన అడగరు గానీ, మేం మళ్లీ మామూలుగా ఉంటామాండీ?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. డాక్టరు మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని చెప్పారు. గ్రంథిని అంటుకుని, అంగస్తంభనకు పనికొచ్చే నరాలుంటాయి, వాటిని మిగిల్చారట. మిగిల్చినా అవి నలుగుతాయి, తేరుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్లూ పట్టొచ్చు. అంగస్తంభనకు సాయపడే టాడలాఫిల్ మాత్ర రాస్తూ, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర వాడుతున్నానా అని రెండుసార్లు అడిగారు. ఆ రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుందట. అదే పనికి వాడే ఒక వాక్యూమ్ పంపు కూడా చూపించారు. "సైకిల్‌కి గాలి కొట్టేదానిలా ఉంది" అని మా ఆవిడ దారి పొడుగునా నవ్వింది.

వీర్యం ఇక రాదు, దాన్ని తయారుచేసే భాగాలే తీసేశారు. అయినా సుఖం ఉంటుందని డాక్టరు అంటే ఊరడింపు మాటనుకున్నాను. కాదు, నిజమే.

ఇప్పటికి పదహారు నెలలు. పీఎస్ఏ 0.1 కన్నా తక్కువే. మాత్ర వేసుకున్న రోజున ఒక్కోసారి అవుతుంది, ఒక్కోసారి కాదు. కానప్పుడు మా ఆవిడ లేచి వెళ్లి రెండు గ్లాసుల్లో మజ్జిగ తెస్తుంది.