"ఇంతకీ అందులో ఏటి జరుగుతోందిరా?"

పొందూరు ఖాదీ మీద నాలుగు నిమిషాల వీడియో తీసి వెబ్‌సైట్‌లో పెట్టగానే మొదట మా చిన్నాన్నకే పంపాను. ఆయనకు చూపు లేదు. ఫోన్‌లో తెర మీదున్నవి చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని అన్నీ వింటారు. సాయంత్రం శ్రీకాకుళంలో వాళ్లింటికి వెళ్తే, "వీణ బాగుంది. ఇంతకీ అందులో ఏటి జరుగుతోందిరా?" అన్నారు.

వీడియో నిండా వీణ, కింద అక్షరాలు. మాట ఒక్కటీ లేదు. ప్లే నొక్కడానికే తిప్పలు పడ్డారట. బటన్లకు నేను పేర్లు పెట్టలేదు, టాక్‌బ్యాక్ "బటన్, బటన్" అని ఊరుకుంది.

అది పది నిమిషాల్లో సరిచేశాను. అసలు పని వర్ణన, అంటే తెర మీద జరిగేది మాటల్లో చెప్పడం. "ఒకావిడ పత్తి శుభ్రం చేస్తోంది" అని రాసి చదివాను. "దేంతో?" అన్నారు. దువ్వెనలాంటిదేదో అన్నాను. కెమెరా దగ్గరగా పెట్టి తీసింది నేనే, అదేమిటో నాకే తెలీదు! సిగ్గేసింది. మర్నాడు పొందూరు వెళ్లి ఆవిడనే అడిగాను. వాలుగ చేప దవడ ఎముక. ఆ సన్నటి పళ్లతో దువ్వితే పత్తిలో నలకలు పోతాయి. తర్వాత గింజ తీసి, విల్లుతో ఏకి, ఏకులు చుట్టి ఎండిన అరటి దొప్పలో దాస్తారు. ఆ దొప్ప నా వీడియోలోనూ ఉంది. చెత్త అనుకుని ఎడిటింగ్‌లో సగం కోసేశాను.

ఇదంతా చెప్పడానికి సందు చాలలేదు. బొమ్మను అక్కడ ఆపి, వర్ణన అయ్యాక కదిలేలా చేశాను. వెబ్‌సైట్లు వైకల్యమున్నవాళ్లూ వాడగలిగేలా ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో అలాంటి వర్ణనకూ చోటుంది.

క్యాప్షన్లకు ఒక పూట పోయింది. వినపడనివాళ్ల కోసం మాటలే కాదు, "రాట్నం చప్పుడు" అనీ రాయాలి. రాశాను, తెర మీద ఒక్క అక్షరం రాలేదు. క్యాప్షన్ ఫైళ్లలో రెండు రకాలు: ఎస్‌ఆర్‌టీ ఫైల్లో సెకన్ల తర్వాత కామా ఉంటుంది, వెబ్ పేజీలకు వాడే వెబ్‌వీటీటీలో చుక్క ఉండాలి, మొదటి వరుసలో WEBVTT అనీ ఉండాలి. నేను ఫైలు పేరు తోక మాత్రం మార్చి టెన్షన్ పడుతూ కూర్చున్నాను. ఇక పాత అక్షరాల సంగతి: తెల్లటి పత్తి మీద తెల్లటి అక్షరాలు. ఆ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో కనీసం 4.5:1 తేడా కావాలి. చూపున్న మా అమ్మే చదవలేకపోయింది. వెనక నల్ల పట్టీ వేశాను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్‌లో వర్ణన, క్యాప్షన్లతో పాటు సంజ్ఞా భాష కూడా ఉంది. అది చేసిపెట్టే మనిషి నాకింకా దొరకలేదు.

చిన్నాన్న రెండోసారి మొత్తం విన్నారు. "చేప ఎముకా! ఈసారి వెళ్తే ఒకటి అడిగి పట్టుకురారా, తడిమి చూస్తాను" అన్నారు.