జిమ్ ఫారం మీద మా ఆయన సంతకం ఎందుకు?

ఈ వారం నేను 35 కిలోల బార్ నేల మీద నుంచి ఎత్తాను. నాకు 64 ఏళ్లు. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు ఉంటుంది, దానికంటే ఎక్కువే ఎత్తానన్నమాట. గొప్పగా చెప్పుకోవాల్సిన విషయమే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. కానీ ఆ బరువు ఎత్తడం కంటే, నన్ను ఎత్తనివ్వమని నలుగురినీ ఒప్పించడమే ఎక్కువ కష్టమైంది. ఆ కోపం చల్లారకముందే రాయాలని కూర్చున్నాను.

మా వదినగారు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆవిడ ఆపరేషన్ అయ్యాక నేనూ ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయించుకున్నాను. సూది లేదు, నొప్పి లేదు, కాసేపు కదలకుండా పడుకుంటే అయిపోతుంది. నడుము దగ్గర వెన్నెముక టి-స్కోరు మైనస్ 2.7, తుంటి దగ్గర మైనస్ 2.2 వచ్చింది. వయసులో ఉన్నవాళ్ల ఎముకతో పోల్చి చెప్పే అంకె ఇది. మైనస్ 1 దాకా మామూలే. అక్కడి నుంచి మైనస్ 2.5 మధ్యలో ఉంటే ఎముక పల్చబడుతున్నట్టు, మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ పోతే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన కొలత ఇది.

ఎముకల డాక్టరుగారు వారానికొక మాత్ర, కాల్షియం, విటమిన్ డి రాశారు. ఆ వారం మాత్ర పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో వేసుకుని, అరగంట పాటు పడుకోకుండా, కాఫీ కూడా తాగకుండా కూర్చోవాలి. అందులో నాకు ఇబ్బంది ఏమీ లేదు, ఇప్పటికీ వేసుకుంటున్నాను. ఇక వ్యాయామం సంగతి అడిగితే, "నడవండమ్మా చాలు. బరువులు మాత్రం ఎత్తకండి, నీళ్ల బకెట్ కూడా వద్దు" అన్నారు. నేను ఏళ్ల తరబడి మా విశాఖ బీచ్ రోడ్డులో నడుస్తున్నదాన్ని. పొద్దున్నే బళ్లు ఆపేసి రోడ్డంతా నడిచేవాళ్లకు వదిలేస్తారు కదా, కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం దాటి వుడా పార్కు దాకా వెళ్లి వస్తాను. అలా నడుస్తూనే మైనస్ 2.7కి వచ్చాను కదండీ అంటే, ఆయన అప్పటికే తర్వాతి పేషెంట్‌ని పిలిచేశారు.

దారి చూపించింది వదినగారి కోసం ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి. ముప్పై దాటని పిల్ల, కానీ విషయం క్షుణ్ణంగా తెలిసినది. ఎముక రాయి కాదు ఆంటీ, రోజూ కరుగుతూ రోజూ కట్టుకుంటూ ఉండే జీవపదార్థం అని చెప్పింది. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గడంతో కట్టడం కంటే కరగడం ఎక్కువవుతుంది. ఎముక తన మీద పడే భారాన్ని బట్టి తనను తాను మలుచుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడట. భారం లేకపోతే ఏమవుతుందో వ్యోమగాములను చూస్తే తెలుస్తుంది, అంతరిక్షంలో నెలకు ఒక శాతం పైనే తుంటి ఎముక పోగొట్టుకుంటారు. నడక గుండెకు, షుగర్‌కు, మనసుకు మంచిదే. కానీ ఎముక ఆ భారానికి ఏనాడో అలవాటు పడిపోయి ఉంటుంది. దానికి అలవాటు లేని బరువు పడాలి.

ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన గురించి కూడా చెప్పింది. 58 ఏళ్లు దాటి, ఎముకలు పల్చబడిన 101 మంది ఆడవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, దగ్గరుండి చూసుకునేవాళ్ల సమక్షంలో 8 నెలలు నిజంగా పెద్ద బరువులే ఎత్తారు. వాళ్ల వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి కసరత్తులు చేసుకున్న రెండో జట్టుకు 1.2 శాతం తగ్గింది. బరువులు ఎత్తిన జట్టులో ఒక్కరికి నడుము కాస్త పట్టేయడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. ఇది 2018లో అచ్చయింది. నీళ్ల బకెట్ ఎత్తొద్దని నాకు చెప్పింది అది అచ్చయి ఏళ్లు గడిచాకే.

ఇంతవరకు ఒక ఎత్తు, జిమ్‌లో చేరడం ఒక ఎత్తు.

ఎంవీపీ కాలనీలో మా ఇంటికి దగ్గరలోనే పెద్ద జిమ్ ఉంది. పేరు రాయను. మా ఆయన తోడు వస్తానంటే ఇద్దరం వెళ్లాం. కౌంటర్ దగ్గరున్న మేనేజర్‌కి నేనే చెప్పాను, నాకు ఆస్టియోపొరోసిస్ ఉంది, బరువులతో వ్యాయామం చేయాలి, నాతో ఫిజియో వస్తుంది అని. ఆ అబ్బాయి అంతా విని, మా ఆయన వైపు తిరిగి, "సార్, మేడమ్ గారికి ఏజ్ ఎంత?" అని అడిగాడు. నేను చెప్పాను. మళ్లీ ఆయన వైపే తిరిగి, "సార్, మేడమ్ గారికి ఏదైనా అయితే మాకు ప్రాబ్లం అవుతుంది" అన్నాడు. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు మా ఆయనకే వెళ్లింది. ఫీజు ఎంతో కూడా ఆయనకే చెప్పాడు, కట్టేది నా పెన్షన్‌లోంచి.

తర్వాత ఫారం ఇచ్చాడు. కింద రెండు గళ్లు. ఒకటి సభ్యుల సంతకం, రెండోది గార్డియన్ సంతకం. పిల్లలను చేర్పించేటప్పుడు పెట్టిన గడి అది. నాకు అవసరం లేదు కదా అన్నాను. "సీనియర్ లేడీస్‌కి మా రూల్ మేడమ్, సార్ సైన్ పెట్టాలి, లేదంటే మీ అబ్బాయి. దాంతోపాటు డాక్టర్ సర్టిఫికెట్ కావాలి" అన్నాడు.

నేను బ్యాంకులో 33 ఏళ్లు పనిచేసి ఆఫీసర్‌గా రిటైర్ అయ్యాను. ఈ ఊళ్లో మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఎన్ని ఇళ్ల లోన్ల కాగితాల మీద నా సంతకం ఉందో లెక్క లేదు. ఆ సంతకం నమ్మి జనం పునాదులు తీసుకున్నారు. నా ఒంటికి నేను బాధ్యత తీసుకుంటానని పెట్టే సంతకం మాత్రం చెల్లదా? అక్కడ నా గొంతు వణికింది. పక్కన ట్రెడ్‌మిల్ మీద పరిగెడుతున్న పిల్లలు ఆగి చూశారు. మా ఆయన మంచితనంతోనే, "పోనీలే, పెట్టేస్తాను" అని జేబులోంచి పెన్ను తీశారు. నేను వద్దన్నాను.

అసలు మండిపోయింది ఆ తర్వాత. మేనేజర్ మా ఆయనతో, "సార్, మీరు కూడా చేరండి, కపుల్ ఆఫర్ ఉంది" అన్నాడు. మా ఆయనకు 70 ఏళ్లు, గుండెలో స్టెంటు ఉంది. ఆయన్ను ఏ సర్టిఫికెట్టూ అడగలేదు. భార్య సంతకమూ అడగలేదు. ఒంట్లో ఏముందని కూడా అడగలేదు. మరి ఆ రూలు ప్రాణం గురించా, ఆడదాని గురించా?

సర్టిఫికెట్ కోసం తిరగడం ఇంకో నరకం. ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్తే, "వద్దన్నది నేనే, నేనెలా రాస్తానమ్మా" అన్నారు. మా ఫ్యామిలీ డాక్టర్‌ని బతిమాలితే, తేలికపాటి వ్యాయామానికి అర్హురాలు అని రాసిచ్చారు. దాన్ని తీసుకెళ్తే మేనేజర్, "ఇందులో వెయిట్స్ అని లేదు మేడమ్" అన్నాడు. వెయిట్స్ అని రాయించుకు రావడానికి వెళ్తే డాక్టరుగారు, "జిమ్ వాళ్లు ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం" అన్నారు. వీళ్లు వాళ్ల మీదకు, వాళ్లు వీళ్ల మీదకు. ఆఖరికి మేనేజర్, "మీకెందుకు మేడమ్ టెన్షన్, పదకొండింటికి లేడీస్ డాన్స్ బ్యాచ్ ఉంది, ఆంటీలందరూ వస్తారు" అన్నాడు. డాన్స్ బ్యాచ్‌కి సర్టిఫికెట్ అక్కర్లేదట! అందులో ఒంగడాలు, మెలితిరగడాలు అన్నీ ఉంటాయి. గుల్లబారిన వెన్నెముకకు ప్రమాదం అలా ముందుకు వంగి మెలితిరగడంలోనే ఎక్కువ. అది తెలియనివాళ్లు నన్ను కాపాడతామని కూర్చున్నారు.

ఎమర్జెన్సీలో ఫోన్ చేయడానికి ఒక నంబరు అడగడం వేరు, సంతకం అడగడం వేరు. మొదటిది జాగ్రత్త. రెండోది, ఈ మనిషికి తన సంగతి తాను తేల్చుకునే తెలివి లేదని అనడం. మన ఆడవాళ్లు ఈ గీత చెరిగిపోనివ్వకూడదు. హాస్పిటల్లో అయినా, జిమ్‌లో అయినా, మాట్లాడేవాడు మీ వైపు చూడకపోతే, "నాతో మాట్లాడండి బాబూ" అని గట్టిగా చెప్పండి.

చిక్కు విడదీసింది కూడా ఫిజియో అమ్మాయే. ముందు నా ఎత్తు కొలిచింది. ఉద్యోగంలో చేరినప్పటి మెడికల్ రిపోర్టు నా దగ్గర భద్రంగా ఉంది, అందులో ఉన్న ఎత్తుతో పోల్చింది. నాలుగు సెంటీమీటర్ల దాకా తగ్గితే వెన్నుపూసలు మనకు తెలియకుండానే నలిగి ఉండొచ్చట. నాకు అంత తగ్గలేదు, అయినా వెన్నెముక ఎక్స్‌రే తీయించింది. వెన్నుపూసల్లో ఫ్రాక్చర్ ఏమీ లేదని తేలాక బీపీ, బ్యాలెన్స్ చూసి, ఏ కసరత్తు ఎంత బరువుతో మొదలుపెట్టాలో, ఏవి చేయకూడదో కాగితం మీద వివరంగా రాసి సంతకం పెట్టింది. అది పట్టుకుని సీతమ్మధారలో ఒక చిన్న జిమ్‌కు వెళ్లాను. అక్కడ ట్రైనర్ ఒక అమ్మాయి. కాగితం పూర్తిగా చదివి, రెండు ప్రశ్నలు అడిగి, "ఇక్కడ సైన్ చేయండమ్మా" అంది. ఒక్కటే గడి. ఆ రోజు ఇంటికి వచ్చి పాయసం వండాను.

కసరత్తు సంగతి చెప్పాలంటే, వారానికి రెండు రోజులు వెళ్తాను. మొదట్లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడకు ఆనుకుని పుషప్స్, మడమలు ఎత్తి దించడం, ఒంటికాలి మీద నిలబడటం. వీపుకు కర్ర ఆనించి, అది వీపును వదలకుండా తుంటి దగ్గర మాత్రమే వంగడం నేర్పారు. బరువు ఎత్తడంలో కీలకం అదే. అది ఒంటికి పట్టేదాకా బార్ ముట్టుకోనివ్వలేదు. తర్వాత రెండు చేతుల్లో చిన్న డంబెల్స్, ఆ తర్వాత 10 కిలోలు, 20 కిలోల ఖాళీ బార్, ఇప్పుడు 35. ఒక సెట్టుకు అయిదుసార్లు. సెట్టు అయ్యేసరికి ఇంకో ఒకటి రెండు మాత్రమే చేయగలను అనిపించాలి, సునాయాసంగా ఉంటే బరువు చాలనట్టే. ఊపిరి బిగపట్టకూడదు, బీపీ ఉన్నవాళ్లు మరీను.

మీకు వెన్నుపూస ఫ్రాక్చర్ ఉందని తేలితే మాత్రం ఇలా సొంతంగా మొదలుపెట్టకండి, అది వేరే పద్ధతి. పశ్చిమోత్తానాసనం లాంటి ముందుకు వంగే ఆసనాలు మా ఫిజియో మాన్పించింది, సిటప్స్ కూడా. తిండి విషయంలో నేను చేసిన మార్పు పెద్దదేమీ కాదు. రైతుబజారు నుంచి చోళ్లు (రాగులు) తెచ్చి పిండి పట్టించి అంబలి కాస్తున్నాను, పెరుగు, పప్పు, గుడ్డు కాస్త పెంచాను. నెలసరి ఆగిపోయినవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది, 100 గ్రాముల చోళ్లలో 350 పైచిలుకు ఉంటుంది. డబ్బాల్లో అమ్మే పొడుల జోలికి నేను పోలేదు, చుట్టాలు ఎన్ని చెప్పినా.

జిమ్‌కు ఒకేసారి ఏడాది ఫీజు కట్టకండి. నెల కట్టి చూడండి, ట్రైనర్ మీ రిపోర్టు చదువుతున్నాడో లేదో అప్పటికి తెలిసిపోతుంది.

ఎముక మారడానికి నెలలు పడుతుంది కాబట్టి తొందరపడి స్కాన్ చేయించుకుంటే ఏమీ తెలియదట. వచ్చే ఏడాది చేయించుకుంటాను, అదే సెంటర్‌లో, అదే మెషీన్ మీద. మెషీన్ మారితే అంకెలు సరిగ్గా పోల్చడం కుదరదు. మీరు కూడా మొదటి రిపోర్టు పారేయకుండా దాచుకోండి.