పెద్దాసుపత్రికి మంగళవారం బస్సు

విజయవాడలో ఆటోవాళ్ళ బేరాల సంగతి అందరికీ తెలిసిందే. బస్టాండు బయట సింగ్‌నగర్ అనగానే ఒకతను మూడొందలు అన్నాడు. ఫ్లైఓవర్ దిగితే వచ్చే సింగ్‌నగర్‌కి మూడొందలేంటయ్యా అంటే "లగేజీ ఉంది కదమ్మా" అన్నాడు. ఉన్నది ఒక బ్యాగు, ఒక స్వీట్ల పెట్టె. ఎండలో నిలబడి నలుగురితో వాదించి, చివరికి సిటీ బస్సెక్కి అన్నయ్య ఇంటికి చేరేసరికి తల పగిలిపోతోంది. వచ్చిన పని కానూరులో పెళ్ళి. పెళ్ళి బాగానే జరిగింది, ఉలవచారు చాలా బాగుంది, డీజే హోరులో ఒక్క బంధువుతో కూడా నిండా మాట్లాడలేకపోయాను. దాని గురించి అంతే. నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది ఆ తర్వాత వచ్చిన మంగళవారం.

అన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు. సింగ్‌నగర్ లోపలి వీధుల్లో ఓ చిన్న బాప్టిస్టు సంఘానికి పాస్టరు. బాప్టిస్టులంటే ప్రొటెస్టెంటు క్రైస్తవుల్లో ఒక శాఖ. మా ఒంగోలు, బాపట్ల, నరసరావుపేట వైపు బాప్టిస్టులంటే ఎవరో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇక్కడ అలా కాదు. బెజవాడలో పాత చర్చి అంటే సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళదే గుర్తొస్తుంది. గుంటూరేమో 1842లో మిషనరీ హయ్యర్ దొర వచ్చినప్పటి నుంచీ ఇంకో ప్రొటెస్టెంటు శాఖ అయిన లూథరన్ల ఊరు, ఏసీ కాలేజీ వాళ్ళు పెట్టిందే. కెనడా బాప్టిస్టు మిషనరీలు ఉయ్యూరు, అవనిగడ్డల్లో పనిచేశారు. అన్నయ్య సంఘంలో ఉన్నవాళ్ళు ఎక్కువగా పల్నాడు నుంచి పనుల కోసం వచ్చి స్థిరపడ్డవాళ్ళు. తాపీ మేస్త్రీలు, ఆటోనగర్ మెకానిక్కులు, అపార్టుమెంట్లలో వంటపని చేసే ఆడవాళ్ళు. మందిరానికి ఇప్పటికీ రేకులే. పక్కనున్న డాబా పైభాగంలో అన్నయ్య వాళ్ళుంటారు.

సోమవారం సాయంత్రం వదిన రెండు డ్రమ్ములు ముందు పెట్టుకుని కూర్చుంది. ఈ సంఘంలో ఆడవాళ్ళు రోజూ అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఒక గుప్పెడు తీసి పక్కన పెడతారు. ఆదివారం వాటిని హార్లిక్స్ సీసాల్లోనో, పెరుగు డబ్బాల్లోనో పోసి తెస్తారు. గుప్పెడు బియ్యం కానుక చిన్నప్పుడు మా ఊళ్ళోనూ ఉండేది గానీ అంతా ఒకే బస్తాలో పోసేవాళ్ళు. వదిన అలా పోయనివ్వదు. కోటా బియ్యం ఒక డ్రమ్ములో, సన్నబియ్యం ఇంకో డ్రమ్ములో.

"రెండూ కలిపి వండితే సగం ముద్దవుతుంది, సగం పలుకుగా ఉంటుంది వదినా. ఆసుపత్రిలో కూర్చున్నవాళ్ళకి అలాంటి అన్నమా పెట్టేది?" అంది.

కోటా బియ్యంతో పులిహోర, సన్నబియ్యంతో పెరుగన్నం. ప్రతి మంగళవారం తెల్లారుజామున లేచి ముగ్గురు ఆడవాళ్ళు వండేసి పొట్లాలు కట్టేస్తారు. అవి గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్తాయి. విజయవాడలోనే అంత ఆసుపత్రి ఉండగా గుంటూరు దాకా ఎందుకని అడిగాను. సంఘంలో ఒకళ్ళ తండ్రి అక్కడ నెల పైన మంచం మీద ఉన్నాడట. చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి పక్క మంచాల వాళ్ళు తమ ఊళ్ళవాళ్ళే అని తెలిసింది. రోగికి ఆసుపత్రిలో భోజనం పెడతారు, తోడొచ్చినవాళ్ళు బయట కొనుక్కోవాలి. వారం, పది రోజులు కొనుక్కుని తినే స్తోమత ఎంతమందికుంది? అలా మొదలైంది.

వదినతో మాట్లాడుతుంటే మందిరం గోడ మీద, నా ఛాతీ ఎత్తున, ఒక మట్టిరంగు గీత కనిపించింది. రెండుసార్లు సున్నం వేసినా పోలేదట. 2024 సెప్టెంబరు 1 నాటి గీత అది. బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగిన ఆదివారం. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరిందని టీవీల్లో మనమంతా చూశాం. ఈ వీధిలో టీవీలే మునిగిపోయాయి. నెల మొదటి ఆదివారం కాబట్టి ప్రభుబల్ల, అంటే అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, ఉండాల్సిన రోజు. ఆరాధన జరగలేదు. వీధిలో వాళ్ళంతా పాస్టరుగారి డాబా ఎక్కారు.

నీళ్ళు తీశాక జరిగిన ఒక సంగతి వదిన చెప్పింది. అదే నన్ను ఎక్కువగా కదిలించింది. మేం పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వం. తెలిసి నమ్మి, తనంతట తాను ముందుకొచ్చినవాళ్ళనే నీళ్ళలో పూర్తిగా ముంచుతారు. దగ్గర్లో ఏరో కాలువో లేనిచోట మందిరంలోనే తొట్టి కట్టుకుంటారు. ఇక్కడ వేదిక పక్కనే ఉంది, నాలుగు మెట్లు దిగాలి, లోపల నీలం పలకలు. వరదకి దాన్నిండా బురద. వీధిలోకి నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా పది నిమిషాలకంటే ఆగదు. ముసలివాళ్ళు బిందె పట్టుకుని వచ్చేలోపు వెళ్ళిపోతోంది. తొట్టి కడిగించి ట్యాంకరు నీళ్ళు అందులో నింపితే, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు వచ్చి పట్టుకెళ్తారని అన్నయ్య అన్నాడు. సంఘపెద్దల్లో ఒకాయన, రిటైరైన బస్సు కండక్టరు, అడ్డం పడ్డాడు. బాప్తిస్మానికి ప్రతిష్ఠ చేసిన తొట్టిలో నీళ్ళు తీసుకెళ్ళి అంట్లు తోముకుంటారా అని ఆయన బాధ. మా సంఘాల్లో పాస్టరు ఒక్కడూ అనుకుంటే సరిపోదు, సంఘం కూర్చుని ఒప్పుకోవాలి. బురదలోనే నిలబడి కమిటీ పెట్టారట. వాదన తెగలేదు. ఇంతలో వీధి చివరి సాయిబులావిడ ఖాళీ బిందెతో గేటు దగ్గరికొచ్చి నిలబడింది, లోపల గొడవ చూసి వెనక్కి తిరిగింది. కండక్టరుగారు ఆవిడని ఆగమ్మా అని పిలిచి, చీపురు తీసుకుని తనే తొట్టిలోకి దిగాడట. బ్లీచింగ్ వేసి పలక పలకా రుద్దాడు. తర్వాత రోజూ గేటు దగ్గర కుర్చీ వేసుకుని లైను చూసిందీ ఆయనే. ముందు ముసలివాళ్ళు, తర్వాత బాలింతలు, తర్వాత మిగతావాళ్ళు.

తెల్లారి ఆయన్ని బస్టాండులో చూశాను. పొట్లాల సంచులు ఎక్కించే పని ఆయనదే. "ఇంజను పక్కన పెట్టకండి, వేడికి పెరుగన్నం పులుస్తుంది" అంటూ వెనక చక్రం మీద సీటు దగ్గర సర్దించాడు. ముప్ఫై ఏళ్ళు బస్సుల్లో తిరిగినవాడికి ఏ సంచి ఎక్కడ ఒరగదో తెలుసు. రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం వచ్చాక ఉదయం పూట గుంటూరు బస్సులో సీటు దొరకడం గగనమే. వదినకీ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళకీ జీరో టికెట్టు. నా ఆధార్‌లో హైదరాబాదు అడ్రసు కాబట్టి డబ్బులిచ్చి కొనుక్కున్నాను, కొనుక్కుని కూడా వారధి దాటేదాకా నిలబడ్డాను. వారధి దిగాక అన్నయ్య పక్కన సీటు దొరికింది.

అప్పుడడిగాను, పొద్దున్నుంచీ మనసులో ఉన్న మాట. పొట్లాల మీద సంఘం పేరు లేదు, ఒక వాక్యం లేదు. సంచుల్లో కరపత్రం ఒక్కటి లేదు. మా హైదరాబాదు సంఘంలో చలికాలం దుప్పట్లు పంచుతాం. ముందు ఫ్లెక్సీ కడతారు, తర్వాత పాట, ప్రసంగం, అది అయ్యాక దుప్పటి. తీసుకునేవాళ్ళు ఫోటో అయ్యేదాకా దుప్పటి అంచు పట్టుకుని నిలబడాలి. నాకది ఎప్పుడూ నచ్చలేదు, కానీ సువార్త చెప్పడం కూడా మన పనే కదా అని సమాధానపడేదాన్ని.

అన్నయ్య కిటికీలోంచి తాడేపల్లి కాలువ వైపు చూపించాడు. "ఈ నీళ్ళు కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో కలుస్తాయి. నువ్వు ఒంగోలు పిల్లవి, మిగతాది నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. అమ్మమ్మ దగ్గర ధాత కరువు కథ వినని పిల్లలు మా ఇంట్లో లేరు. 1876 నుంచి 78 దాకా సాగిన కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకి కూలి పనిచ్చాడు. ఆయన దగ్గరున్న తెలుగు బోధకులే మేస్త్రీలయ్యారు. అమ్మమ్మ ఎప్పుడూ దొర పేరే చెప్పేది. నాకు మాత్రం పెద్దయ్యాక యర్రగుంట్ల పేరయ్య గురించి చదివినప్పుడు అసలు పని ఎవరు మోశారో అర్థమైంది. తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ కులస్థుడు, 1866లో బాప్తిస్మం తీసుకున్నవాడు. భార్య నాగమ్మతో కలిసి తన చుట్టాల పల్లెల్లో ఆయన మొదలుపెట్టిన పనే లేకపోతే, దొర ఎంత చదివినవాడైనా మాలమాదిగ పల్లెల్లో ఎవరు వినేవాళ్ళు?

అందరూ గొప్పగా చెప్పుకునేది 1878 జులై 3. గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. ఇద్దరిద్దరు బోధకులు వంతులవారీగా నీళ్ళలో నిలబడ్డారు. అన్నయ్య చెప్పదల్చుకుంది దానికి ముందు నెలల గురించి.

"కరువు పని నడిచినన్నాళ్ళూ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు చెల్లీ. వేలమంది అడిగారు. కూలి కోసం అడుగుతున్నారో, నమ్మి అడుగుతున్నారో వాళ్ళకే తేలాలని ఆపేశాడు. నా దగ్గర ఇక ఇవ్వడానికి డబ్బుల్లేవని చెప్పాక కూడా వచ్చినవాళ్ళకే ఇచ్చాడు. నాకు సెమినరీలో బాగా పట్టుకున్న పాఠం అదొక్కటే. అన్నం పెట్టే చేత్తో కరపత్రం పెడితే, ఆకలి మీదున్నవాడు వద్దనగలడా?"

వెనక సీట్లోంచి కండక్టరుగారు అందుకున్నాడు. "నేను మొదట్లో దీనికీ ఒప్పుకోలేదమ్మా. కరపత్రాలు నా డబ్బుతో నేనే కొట్టించాను కూడా." కాజ టోల్‌గేటు దాటేదాకా ఆయన, అన్నయ్య పాత వాదన మళ్ళీ వాదించుకున్నారు. ఆయన ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదని నాకనిపించింది. సంఘం తీర్మానించింది కాబట్టి కట్టుబడి ఉన్నాడు. ఆ కట్టుబాటు నాకు చాలా విలువైనదిగా కనిపించింది. మా దగ్గర ఇలాంటి తేడా వస్తే ఈపాటికి సంఘం రెండుగా చీలి, పక్క వీధిలో కొత్త బోర్డు వెలిసేది.

పెద్దాసుపత్రిలో పొట్లాలు అరగంటలో అయిపోయాయి. అసలు పని ఆ తర్వాత. అన్నయ్య ఒక మెట్ల పక్కన కూర్చుని సంచి తెరిచాడు. మూడు రకాల పిన్నులతో చార్జర్లు, రెండు పవర్‌బ్యాంకులు, పెన్నులు, కాగితాలు తడవకుండా ప్లాస్టిక్ కవర్లు, స్టేప్లరు, పిన్నీసులు. అన్నిటికీ అడుగున బైబిలు. జనం ఒక్కొక్కరే వచ్చారు. ఒకరికి ఫోను చార్జింగ్ లేదు, ఇంటికి కబురు చెప్పలేదు. ఒకరి ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంది, ఆరోగ్యశ్రీకి (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) ఏం చెప్పాలో తెలియదు. ఒకరికి రక్తం కావాలి. ఆ మాట వినగానే వదిన తన పాటల పుస్తకం వెనక అట్ట తిప్పింది. సంఘంలో యౌవనులందరి పేర్లు, బ్లడ్ గ్రూపులు, ఆఖరిసారి ఎప్పుడిచ్చారో తేదీలతో సహా అతికించి ఉంది. అక్కడే నిలబడి ఫోన్లు చేసింది.

బొల్లాపల్లి వైపు నుంచి వచ్చిన ఒక ముసలావిడ, మనవడికి కాలు విరిగితే తీసుకొచ్చింది. పిల్లాడి మెడలో ఆంజనేయస్వామి తాయెత్తు. ఆవిడ కొంగున మూటగట్టిన కాగితాలన్నీ అన్నయ్య విప్పి, ఎక్స్‌రే చీటీ ఒకవైపు, ఓపీ చీటీ ఒకవైపు పెట్టి, ఏది ఎవరికి చూపించాలో అర్థమయ్యేలా ఒక్కోదానికి ఒక్కో రంగు పిన్నీసు పెట్టాడు. ఎర్రది ఎముకల డాక్టరుకి, పచ్చది కార్డు చూసే ఆయనకి. ఆవిడకి చదువు రాదు, రంగులు తెలుసు.

"మీరెవరు నాయనా?" అందావిడ.

"సింగ్‌నగర్‌లో ఉంటామమ్మా. మావాళ్ళది మీ వినుకొండ పక్కనే."

పని అయ్యాక ఆవిడ వెళ్ళబోయి మళ్ళీ వచ్చింది. కండక్టరుగారి చేతిలో బైబిలు చూసినట్టుంది. "మీ దేవుడికి కూడా ఓ మాట చెప్పు నాయనా, మావాడు నడవాలి" అంది. అన్నయ్య లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, పిల్లాడి పేరు అడిగి, నాలుగే నాలుగు మాటల్లో ప్రార్థన చేశాడు. ఆమేన్ అన్న వెంటనే "పొట్లం తిన్నారా, దాచారా?" అని అడిగాడు. ఆవిడ దాచింది, మనవడికోసం. వదిన తను తినడానికి తెచ్చుకున్న పెరుగన్నం ఆవిడ చేతిలో పెట్టింది.

తిరుగు బస్సులో నేను రెండు వేలు ఇవ్వబోతే కండక్టరుగారు జేబులోంచి రసీదు పుస్తకం తీశాడు. కుదుపుల్లోనే రాసి, చించి ఇచ్చి, ఆ నెల లెక్కలు కూడా చూపించాడు. చింతపండు, నూనె, పల్లీలు, బస్సు చార్జీలు, చివర పిన్నీసులు కూడా. మా హైదరాబాదు కమిటీకి ఆ పేజీ ఫోటో తీసి పంపాను. ఈ చలికాలం ఫ్లెక్సీ లేకుండా దుప్పట్లు ఇద్దామని రాశాను. ఇద్దరు సరేనన్నారు, ఒకరు వచ్చే మీటింగులో మాట్లాడదామన్నారు, మిగతావాళ్ళు ఇంకా జవాబివ్వలేదు. నేను మాత్రం మీటింగులో ఈ మాట వదిలిపెట్టదల్చుకోలేదు.

బస్టాండులో దిగాక కండక్టరుగారు ఒక్కటే అడిగాడు. "ఈసారి వచ్చేటప్పుడు మీ ఇళ్ళల్లో పాత చార్జర్లుంటే తీసుకురామ్మా. సన్నపిన్నువి చాలానే ఉన్నాయి, టైప్-సీవి చాలట్లేదు."