శుభలేఖల అట్టతో గూడ్స్ బండి: నా అనుభవం

మా ఇల్లు విజయనగరం స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరం. రాత్రిపూట లోడు రేక్ (ఒకే బండిగా కట్టిన వ్యాగన్ల వరుస) వెళ్తుంటే కిటికీ ఊచలు సన్నగా మోగుతాయి. హౌరా–చెన్నై లైనూ, పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ వెళ్లే లైనూ కలిసే జంక్షన్ కాబట్టి మాకు గూడ్సులకి కొదవ లేదు. చిన్నప్పటి నుంచి ఎక్స్‌ప్రెస్‌ల కంటే నాకు అవే ఇష్టం. గేటు దగ్గర అందరూ విసుక్కుంటుంటే నేను వ్యాగన్లు లెక్కపెట్టేవాణ్ణి, యాభై ఎనిమిది, ఒక్కోసారి యాభై తొమ్మిది. ఆ బండినే చిన్న మోడల్‌గా చేసి బల్ల మీద నడిపించాలని ఎన్నాళ్లుగానో అనుకుని పోయిన దసరా సెలవుల్లో మొదలుపెట్టాను, పది వ్యాగన్లు పూర్తయ్యేసరికి ఏడు నెలలు పట్టింది. ఎలా చేశానో, ఎక్కడ ఇబ్బంది పడ్డానో రాస్తున్నాను, ఎందుకంటే నేను మొదలుపెట్టినప్పుడు తెలుగులో ఇలాంటిది ఒక్క ముక్క కూడా నాకు దొరకలేదు.

ముందు డబ్బు సంగతి. విదేశాల నుంచి వచ్చే రెడీమేడ్ వ్యాగన్లు నాకు చెప్పిన ధరకి పది కొంటే నా నెల జీతం దాటిపోయేది, పైగా అవి అమెరికావో యూరప్‌వో, మన పట్టాల మీద కనిపించేవి కావు. అందుకే పట్టాలు, చక్రాలు, వాటిని పట్టుకునే ఫ్రేములు, కప్లింగులు (వ్యాగన్లని ఒకదానికొకటి తగిలించేవి), సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఒకటి మాత్రం కొని మిగతాదంతా చేతితో చేయాలని నిర్ణయించుకున్నాను. చక్రాల దగ్గర మాత్రం పిసినారితనం చేయొద్దు. ఒక్కో వ్యాగన్‌కి నాకు వెయ్యి రూపాయల లోపే అయింది, అందులో ముప్పాతిక వంతు చక్రాలకీ, వాటిని పట్టుకునే బోగీలకీ, కప్లింగులకే పోయింది. బోగీ అంటే మనం పెట్టె అనుకుంటాం గానీ, రైల్వే వాళ్ల లెక్కలో పెట్టె కింద నాలుగు చక్రాలని పట్టుకుని తిరిగే ఫ్రేమే బోగీ.

చేయాల్సింది బాక్సెన్ వ్యాగన్. పైకప్పు లేకుండా ఎత్తు గోడలతో బొగ్గు, ఇనుప ఖనిజం మోసేది. దాని అసలు కొలతలు: కప్లింగ్ నుంచి కప్లింగ్‌కి 10.713 మీటర్లు, వెడల్పు 3.2 మీటర్లు, పట్టా నుంచి పై అంచుకి 3.225 మీటర్లు. కొలతల కోసం ఎవరూ పట్టాల మీదకి దిగకండి, అది నేరం, అంతకంటే ముందు ప్రాణానికే ప్రమాదం. నేను ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కి ఫోటోలు తీసుకున్నాను, గోడకి నిలువు బద్దీలు ఎన్ని, కింద తలుపులు ఎక్కడ వచ్చాయి అన్నవి వాటిలోనే చూసి లెక్కపెట్టుకున్నాను.

మొదటి తప్పు ఇక్కడే చేశాను. చిన్న రైళ్లలో రెండు స్కేళ్లు ఒకే పట్టాల మీద నడుస్తాయి. బ్రిటన్ వాళ్ల ఓఓ అంటే 76లో ఒక వంతు, మిగతా చాలా దేశాల వాళ్లు వాడే హెచ్ఓ అంటే 87లో ఒక వంతు, రెంటికీ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. నేను బ్రిటిష్ లెక్క చూసి 76తో భాగించి రెండు వ్యాగన్లు చేసేశాను. ఒక్కోటి 141 మిల్లీమీటర్లు వచ్చింది. నా ఇంజిన్ ఏమో హెచ్ఓది. పక్కన పెట్టి చూస్తే ఇంజిన్ పిల్లలా, వ్యాగన్లు తల్లిలా ఉన్నాయి. పదిహేను రోజుల పని పక్కన పడేసి మళ్లీ 87తో లెక్కేస్తే పొడవు 123, వెడల్పు దాదాపు 37 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు కాబట్టి అచ్చంగా చేయాలంటే పట్టాల మధ్య 19 పైన ఉండాలి, 16.5 అంటే చక్రాలు కొంచెం లోపలికి ఉన్నట్టే. దానికి నేను రాజీపడ్డాను. పక్క నుంచి చూస్తే ఎవరికీ తెలియదు, పట్టాలు కూడా సొంతంగా చేసుకోవాలంటే ఈ జన్మకి బండి కదలదు.

గోడలకి మా ఇంట్లో పోగుపడిన శుభలేఖలు వాడాను. దళసరి శుభలేఖ అట్ట రెండు పొరలు ఫెవికాల్‌తో అంటించి, పైన బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేస్తే రేకులా గట్టిపడుతుంది, బ్లేడుతో కోస్తే పోగులు లేవవు. అడుగుకి ఫ్లెక్స్ షాపులో మిగిలిపోయిన 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ షీటు) ముక్కలు. షాపు కుర్రాడు ఊరికే ఇచ్చాడు. నిలువు బద్దీలు ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు. వాటిని ఒక్కొక్కటిగా పట్టకారుతో తీసి, అంచుకి జిగురు రాసి, స్కేలు ఆనించి నిలబెట్టాలి. ఒక వైపుకి గంట పట్టేది, మా ఆవిడ ఆ గంటసేపు ఫ్యాను ఆపేయడానికి ఒప్పుకుంది. ఇంకొకటి. నిజం బాక్సెన్ గోడలు తిన్నగా ఉండవు. జేసీబీ బకెట్ దెబ్బలకీ లోడు ఒత్తిడికీ బద్దీల మధ్య రేకు బయటికి ఉబ్బి ఉంటుంది. బద్దీలు అంటించక ముందే అట్టని లోపలి వైపు నుంచి టీ స్పూను వీపుతో మెల్లగా రుద్దాను, ఒక్కో గడిలో ఒక్కో రకంగా. ఆ ఉబ్బు వచ్చాకే అట్ట ఇనుములా కనిపించింది.

బోగీలకి అమెరికా గూడ్సు మోడళ్లవే సరిపోయాయి. మన బాక్సెన్ కింద ఉండే కాస్నబ్ బోగీ, వాళ్ల బోగీ రెండూ మూడు ముక్కల పోత ఉక్కు రకమే, చూపుకి దగ్గరగా ఉంటాయి. చక్రం సైజు మాత్రం చూసి కొనాలి. మన చక్రం కొత్తగా ఉన్నప్పుడు వెయ్యి మిల్లీమీటర్లు, అంటే మన స్కేల్లో పదకొండున్నర. అమెరికా సెట్లలో 33 అంగుళాలవి, 36 అంగుళాలవి రెండూ దొరుకుతాయి, 36వి పదిన్నర మిల్లీమీటర్లు వస్తాయి కాబట్టి అవి తీసుకున్నాను. కప్లింగ్ కూడా అంతే, పిడికిలి బిగించినట్టుండే వాళ్ల కప్లింగ్ మన వ్యాగన్లకుండే సీబీసీ (సెంటర్ బఫర్ కప్లర్) లానే ఉంటుంది.

అసలు కష్టం నాలుగు వ్యాగన్లు తగిలించి నడిపిన రోజు మొదలైంది. వంపు దగ్గరికి రాగానే రెండోది పట్టా తప్పేది. దాన్ని సర్దితే మూడోది. వారం రోజులు పట్టాల అతుకులు ఎమరీ పేపర్‌తో రుద్దుతూ కూర్చున్నాను, తప్పు అక్కడే ఉందని నా నమ్మకం. ఇంటికొచ్చిన మా మావయ్య ఒక వ్యాగన్ అరచేతిలో పెట్టుకుని "ఒరే, ఇందులో బరువేటుందిరా, గాలికే పడిపోద్ది" అన్నాడు. వంటింటి త్రాసు మీద పెడితే నలభై గ్రాములు కూడా లేదు. అమెరికా మోడలర్ల సంఘం ఎన్ఎంఆర్ఏ వాళ్ల సూచన ప్రకారం ఈ పొడవుకి తొంభై గ్రాముల దాకా ఉండాలి. ఇంజిన్ లాగినప్పుడు తేలిక వ్యాగన్లు వంపు లోపలికి ఒరిగిపోతున్నాయి, అదీ సంగతి.

మావయ్యది పూసపాటిరేగ వైపు. వలకి కట్టే సీసం గుళ్లు ఒక సంచిడు తెచ్చి ఇచ్చాడు. వాటిని సుత్తితో చదును చేసి, వ్యాగన్ అడుగు రెండు పొరలుగా మార్చి మధ్యలో దాచాను, బరువు ఎంత కింద ఉంటే అంత మంచిది. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లలకి అందనివ్వకూడదు, అరగదీసి దుమ్ము చేయకూడదు. భయం ఉన్నవాళ్లు ఇనుప నట్లు వాడుకోండి, చోటు కొంచెం ఎక్కువ పడుతుంది అంతే. ఇంకో మార్పు కూడా చేశాను. ఒక చివర బోగీ స్క్రూ బిగించి పక్కలకి తిరగడం మాత్రమే ఉంచాను, రెండో చివరది కాస్త వదులు చేసి అటూ ఇటూ ఊగనిచ్చాను. ముక్కాలి పీటలా వ్యాగన్ ఎగుడుదిగుళ్లలో కూడా కుదురుగా నిలబడింది.

అయినా నాలుగో వ్యాగన్ పడిపోతూనే ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. చివరికి తేలిందేమిటంటే దాని ఇరుసుల్లో ఒకదానికి రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం తక్కువ. అది 14.4 మిల్లీమీటర్లు ఉండాలి. నా దగ్గర కొలిచే సాధనం లేదు, మా బజారులో నగలు చేసే ఆచారి గారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన వెర్నియర్ క్యాలిపర్ పెట్టి చూసి "పదమూడు తొమ్మిది ఉంది బాబూ" అన్నారు, అక్కడే ఒక ఇత్తడి ముక్కని సరిగ్గా 14.4కి ఆకురాయితో అరగదీసి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడు ప్రతి ఇరుసూ ఆ ముక్క చక్రాల మధ్య సరిగ్గా పడితేనే బోగీలోకి ఎక్కుతుంది. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ లాగితే జరుగుతుంది. ఆ రోజు తర్వాత నాలుగోది ఒక్కసారి కూడా పడలేదు.

రంగుకి హార్డ్‌వేర్ షాపులో గేట్లకి వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ చాలు, కాస్త నలుపు కలిపి పల్చగా రెండు పూతలు. నంబర్ల మీద నాకు ఎక్కువ శ్రద్ధ. మన వ్యాగన్ నంబరు పదకొండు అంకెలు: మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాతి రెండు ఏ రైల్వేదో, ఆ తర్వాతి రెండు తయారైన సంవత్సరం, నాలుగు వరుస సంఖ్య, చివరిది సరిచూసుకునే అంకె. ఆ చివరి అంకెకి లెక్క ఉంది. నేను వేసుకున్న 1012093457లో సరి స్థానాల్లో ఉన్నవి 0, 2, 9, 4, 7 కూడితే 22, దాన్ని మూడుతో హెచ్చిస్తే 66. బేసి స్థానాలవి 1, 1, 0, 3, 5 కలిపితే 10. మొత్తం 76, పక్క పదికి అంటే 80కి నాలుగు తక్కువ, కాబట్టి చివరి అంకె 4. పది వ్యాగన్లకీ ఇలాగే లెక్కకట్టి తెల్ల ఇంకుతో రాశాను.

అన్నీ వరుసగా పెట్టి మా వీధిలో రిటైరైన లోకో పైలట్ బాబాయ్‌ని పిలిచి చూపించాను. చాలాసేపు వంగి చూసి "నంబర్లు బాగున్నాయి బాబూ, కానీ అన్నీ ఒకే రంగేటి? రేక్‌లో రెండు వ్యాగన్లు ఒక్కలాగ ఉంటాయేటి?" అన్నారు. ఆ మాటతో ఇంకో నెల పని పెరిగింది. ఇటుక పొడి, దీపం మసి, తెల్ల సుద్ద మెత్తగా నూరి, పాత కుంచెతో ఒక్కో వ్యాగన్‌కి ఒక్కో పాళ్లలో అద్దాను. బోగీల చుట్టూ బ్రేకుల దుమ్ము గోధుమ రంగు, తలుపు అంచుల కింద తుప్పు చారలు, లోపల గోడలు రంగు పోయి గీరుకుపోయినట్టు. రెండింటికి నంబరు చుట్టూ మాత్రమే కొత్త రంగు పట్టీ వేశాను, నిజంలో కూడా నంబరు మళ్లీ రాసినప్పుడు అలాగే ఉంటుంది.

లోడు గురించి చాలామంది పట్టించుకోరు గానీ బండి నిజమో కాదో అక్కడే తెలిసిపోతుంది. బాక్సెన్‌లో పట్టే చోటు 56 ఘనపు మీటర్లు, మోసేది 58 టన్నుల పైచిలుకు. బొగ్గు తేలిక కాబట్టి గోడ అంచు దాకా వస్తుంది. ఇనుప ఖనిజం అలా కాదు, సగం కూడా నిండకుండానే బరువు సరిపోతుంది. కొత్తవలసలో కిరండూల్ గనుల వైపు నుంచి వచ్చే రేక్‌లని వంతెన మీద నుంచి చూస్తే, పక్క నుంచి ఖాళీగా కనిపించిన వ్యాగన్లలో అడుగున ఎర్రగా కుప్పలుంటాయి. నావి బొగ్గువే. ఇస్త్రీ బండి దగ్గర బొగ్గు తెచ్చి దంచి టీ వడకట్టే జల్లెడలో పోశాను, కింద పడిన మిల్లీమీటరు లోపు నలుసులే వాడాను, ఎందుకంటే అంతకంటే పెద్దది మన స్కేల్లో బండరాయి అయిపోతుంది. థర్మోకోల్ ముక్క మీద నీళ్లు కలిపిన ఫెవికాల్, ఒక చుక్క షాంపూ వేసి వాటిని చల్లాను. లోడు పైకి తీసేలా ఉంచాను, ఖాళీ రేక్‌గా కూడా నడుస్తుంది.

పది వ్యాగన్లు కలిపి మీటరుంపావు. పూర్తి రేక్ చేయాలంటే ఏడు మీటర్లు దాటుతుంది, మా హాలు సరిపోదు. మొన్న ఆదివారం మూడు గంటలు వరుసగా నడిపాను, ఒక్కటీ పట్టా తప్పలేదు. బాబాయ్ కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుని, ఆఖర్న గార్డు డబ్బా ఏదని అడిగారు. దాని అడుగు కోసి ఉంచాను, కిటికీలకి పాత ఎక్స్‌రే ఫిల్ము కడిగి ఆరబెట్టాను.